రైజెన్ 3600 నుంచి 9000 సిరీస్‌కు మారాలా? ముందు మీ కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో చూడండి

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు రాజమహేంద్రవరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తారు. 2020లో కట్టించుకున్న కంప్యూటర్: ఏఎండీ వారి రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్. తర్వాత దానికి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు జత చేశారు. పోయిన సీజన్‌లో కొత్త కెమెరా కొన్నప్పటి నుంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది. దుకాణంలో అడిగితే "మూడు తరాలు వెనకబడ్డారు" అని రైజెన్ 7 9700ఎక్స్, కొత్త బోర్డు, 32 జీబీ డీడీఆర్5, కూలర్ కలిపి 82 వేలకు కొటేషన్ రాసిచ్చారు. విండోస్ 10కు మద్దతు ఎలాగూ ఆగిపోయింది కాబట్టి ఇదే అదను అనుకుంటున్నారు. పనిలో పనిగా ఇంజినీరింగ్‌లో చేరిన చెల్లెలికి ఏ తరం లాప్‌టాప్ కొనాలో కూడా అడిగారు.

ముందే చెప్పేస్తాను. ఆ 82 వేలు ఇప్పుడు బయటకు తీయకండి. 9700ఎక్స్ చెడ్డ ప్రాసెసరేమీ కాదు, మంచిదే. కానీ మీ నొప్పి ఒకచోట ఉంటే ఆ కొటేషన్ మందు మరోచోట రాస్తోంది.

నేను 1999 నుంచి కంప్యూటర్లు బిగిస్తున్నాను. చాలాకాలం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కి దిగడమే నా ఉద్యోగం. ఇప్పుడు కొన్ని స్టూడియోల, ఆడిటర్ల ఆఫీసుల యంత్రాలు చూసుకుంటున్నాను. "కొత్త తరం వచ్చింది, మార్చాలా?" అన్న ప్రశ్న ఆ రోజుల్లో అసలు ప్రశ్నే కాదు. 1993లో మొదటి పెంటియం 60 మెగాహెర్ట్జ్‌తో వచ్చింది. 2000 మార్చిలో ఏఎండీ ఆథ్లాన్, రెండు రోజుల తేడాతో ఇంటెల్ పెంటియం 3 వెయ్యి మెగాహెర్ట్జ్‌ను అందుకున్నాయి. ఏడేళ్లలో దాదాపు పదిహేడు రెట్లు. అప్పుడు మూడేళ్ల నాటి యంత్రం నిజంగానే ముసలిది. కొత్తది పెట్టగానే ఆఫీసులో అందరికీ తేడా తెలిసేది. ఏ పని చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు అని అడగాల్సిన అవసరమే ఉండేది కాదు, ఎందుకంటే అన్నీ వేగమయ్యేవి.

2004లో ఆ పరుగు గోడకు తగిలింది. పెంటియం 4 3.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్ తెస్తామని చెప్పిన ఇంటెల్ ఆ ఏడాదే దాన్ని రద్దు చేసుకుంది. ట్రాన్సిస్టర్‌ను చిన్నది చేసినకొద్దీ దానికిచ్చే వోల్టేజీనీ తగ్గించవచ్చు కాబట్టి వేడి పెరగదని ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించిన సూత్రం మీదే అన్నేళ్లూ బండి నడిచింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవయ్యేసరికి కరెంటు లీకు కావడం మొదలైంది, వోల్టేజీ ఇక తగ్గించలేకపోయారు, వేడి మిగిలిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో వచ్చిన మీ 9700ఎక్స్ గరిష్ఠ వేగం 5.5 గిగాహెర్ట్జ్. ఒక్కో టిక్కుకు (హెర్ట్జ్ లెక్కించేది సెకనుకు ఎన్ని టిక్కులన్నదే) అది చేసే పని చాలా పెరిగింది, కోర్లు, అంటే ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలు, పెరిగాయి, కాదనను. అయితే ఆ లాభం ఇప్పుడు అందరికీ సమానంగా పంచిపెట్టినట్టు రాదు. ఒకరికి బోలెడంత వస్తుంది, పక్కింటాయనకు ఏమీ రాదు. అందుకే తరం సంఖ్య చూసి కొనడం మానేసి, మీ కంప్యూటర్ మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టి ఎదురుచూపిస్తోందో చూడాలి.

చూడటానికి పది నిమిషాలు చాలు. ప్రీమియర్‌లో కొత్త కెమెరా క్లిప్పు టైమ్‌లైన్ మీద పెట్టి, పక్కన టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ గ్రాఫు మీద కుడి క్లిక్ చేసి, లాజికల్ ప్రాసెసర్లను విడివిడిగా చూపించమనండి. ఇది ముఖ్యం. మీ ప్రాసెసర్‌కు ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒక్కో కోరుకు రెండు పని వరసలు). ఏదైనా పాత ప్లగిన్ ఒక్క థ్రెడ్ మీదే ఊపిరాడకుండా పనిచేస్తున్నా, మొత్తం గ్రాఫు 8 శాతమే చూపిస్తుంది. "ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదండీ" అని నాతో వాదించిన వాళ్లలో సగం మంది ఆ 8 శాతాన్ని చూసే వాదించారు. తర్వాత మెమొరీ, డిస్క్ గ్రాఫులు చూడండి. చివరగా గ్రాఫిక్స్ కార్డు పేజీకి వెళ్లి, అక్కడున్న చిన్న గ్రాఫుల్లో 'వీడియో డీకోడ్' అన్నదాన్ని వెతికి, ప్లే నొక్కండి.

నా అంచనా ఇది: కొత్త కెమెరా క్లిప్పు నడుస్తున్నంతసేపు వీడియో డీకోడ్ గ్రాఫు సున్నా దగ్గర పడుకుని ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం నూటికి నూరు శాతం దగ్గర రొప్పుతూ ఉంటుంది. పాత కెమెరా క్లిప్పు పెడితే డీకోడ్ గ్రాఫు లేస్తుంది, ప్రాసెసర్ తేలికపడుతుంది. ఇలాగే కనిపిస్తే రోగం దొరికినట్టే.

కారణం కెమెరా సెట్టింగ్‌లో ఉంది. ఈమధ్య వస్తున్న కెమెరాలు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో 10 బిట్ (రంగు ఛాయలు ఎక్కువ), 4:2:2 రకం వీడియోను రాస్తాయి. వెలుగుతో పోలిస్తే రంగును మన కన్ను అంత నిశితంగా చూడదు కాబట్టి, కెమెరా ప్రతి పిక్సెల్‌కూ వెలుగును రాసి, రంగును మాత్రం పంచుతుంది. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు, 4:2:2లో రెండింటికి ఒకటి. పట్టుచీర జరీ అంచు మీద ఎర్ర లైటు పడినప్పుడు కలర్ గ్రేడింగ్‌లో ఈ రెండోది నిజంగా పనికొస్తుంది. దాన్ని విప్పడం దగ్గరే చిక్కు. వీడియోను విప్పడానికి గ్రాఫిక్స్ చిప్పుల్లో విడిగా ఒక చిన్న యంత్రాంగం ఉంటుంది. మీ 3060లోని ఆ యంత్రాంగానికి 4:2:0 తెలుసు, 4:2:2 తెలియదు. తెలియనిది ఎదురైతే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. అంటే మీ 3600 ఆరేళ్లలో నెమ్మదించలేదు. దానిది కాని పనిని పోయిన సీజన్ నుంచి దానికి అప్పగించారు, అంతే.

ఇప్పుడు ఆ కొటేషన్‌ను మళ్లీ చూడండి. 9700ఎక్స్‌లో చిన్న గ్రాఫిక్స్ భాగం ఒకటి ఉంది, కానీ దానికీ 4:2:2 విప్పడం రాదు. కాబట్టి కొత్త ప్రాసెసర్ కూడా పాతదానిలాగే కండబలంతో లాగాలి. కండ ఎక్కువ కాబట్టి ఒక క్లిప్పు బాగానే నడుస్తుంది. మల్టీక్యామ్‌లో రెండు మూడు కెమెరాలు పెట్టగానే మళ్లీ మొదటికొస్తారు. 82 వేలు ఖర్చు పెట్టాక అలా జరిగితే ఆ రోజు రాత్రి నిద్ర పట్టదు.

ఈ విద్య వచ్చిన చిప్పులు ఉన్నాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 11వ తరం నుంచి లోపలి గ్రాఫిక్స్ భాగం హెచ్.265 4:2:2ను విప్పగలదు. పెళ్లి వీడియోల వాళ్లు ఇంటెల్ వైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే, కోర్ల లెక్క కాదు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: మోడల్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు. కొద్దిగా చవక అని దుకాణాల్లో ఎఫ్ రకమే ముందు చూపిస్తారు. ఆటలాడే కుర్రాడికి పరవాలేదు, మీలాంటివారు దాన్ని కొంటే అసలు దేనికోసం కొన్నారో అదే ఉండదు. ఎన్విడియా వైపు 2025 జనవరిలో మొదలైన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచి 4:2:2 విప్పడం వచ్చింది. తరం మారితే నిజంగా విలువ వచ్చే సందర్భం అంటే ఇలాంటిదే. కాకపోతే మీ విషయంలో ఆ తరం ప్రాసెసర్‌ది కాదు, గ్రాఫిక్స్ కార్డుది.

అయినా కార్డు కొనడానికీ తొందరపడకండి. డబ్బు పెట్టకుండా అయ్యేవి ముందు చేయండి. కెమెరా మెనూలో 4:2:0 10 బిట్ ఎంపిక చాలా మోడళ్లలో ఉంటుంది. వీడియో విప్పే పనిని అప్పుడు మీ 3060 హాయిగా తీసుకుంటుంది. తలంబ్రాలు, అప్పగింతల్లాంటి ముఖ్యమైన ఘట్టాలకు 4:2:2 ఉంచుకుని, భోజనాల పందిరి, బంధువుల పలకరింపులు అన్నీ 4:2:0లో తీయండి. ఆ భాగాలకు రంగులు దిద్దేదీ తక్కువే కదా. ఇప్పటికే తీసిన ఫుటేజ్‌కు ప్రాక్సీ ఫైళ్లు తయారు చేయించండి. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే తెల్లారేసరికి చిన్న సైజు నకళ్లు సిద్ధంగా ఉంటాయి, ఎడిటింగ్ అంతా వాటి మీద సాగుతుంది. ఒక్క సంగతి: ప్రాక్సీలు ఎడిటింగ్‌ను సులువు చేస్తాయి, ఎక్స్‌పోర్ట్‌ను, అంటే పూర్తయిన వీడియోను తుది ఫైలుగా తీయడాన్ని, కాదు. అక్కడ అసలు ఫైళ్లనే విప్పాలి కాబట్టి పాత వేగమే ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్ లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే అప్‌గ్రేడ్‌లు అమ్ముడుపోయేది ఆ శాతాల మీదే. మీకు 40 నిమిషాలు పడుతోందన్నారు. కొత్త ప్రాసెసర్ 30 శాతం వేగమనుకోండి. 40లోంచి 30 శాతం తీసేసి 28 నిమిషాలు అనుకుంటారు చాలామంది. కాదు, 40ని 1.3తో భాగించాలి. దాదాపు 31 వస్తుంది. మిగిలేది 9 నిమిషాలు. ఏడాదికి 50 పెళ్లిళ్లు, పెళ్లికి మూడు ఎక్స్‌పోర్ట్‌లు వేసుకుంటే 22 గంటల పైచిలుకు. ఆ 22 గంటలూ మీరు తెర ముందు చేతులు కట్టుకుని కూర్చునేవైతే డబ్బు పెట్టాల్సిందే. రాత్రిపూట పెట్టి పడుకునేవైతే వాటి విలువ సున్నా. టైమ్‌లైన్ ఆగడం అలా కాదు. చేతిలో మౌస్ ఉండగా, ఆలోచన నడుస్తుండగా ఆగుతుంది. అందుకే దాని సంగతి ముందు చూడాలన్నాను.

కోర్ల సంఖ్య గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎనిమిది కోర్లు, పన్నెండు, పదహారు అని ఊరిస్తారు. మీరు రోజూ చూసే పెళ్లి వంటశాలనే తీసుకోండి. కూరగాయలు తరగడానికి ఆరుగురి బదులు పన్నెండు మందిని పెడితే ఆ పని సగం సమయంలో అయిపోతుంది. పప్పు ఉడకడానికి పట్టే సమయం మాత్రం పన్నెండు మంది చుట్టూ నిలబడినా తగ్గదు. కంప్యూటర్ శాస్త్రవేత్త జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పింది ఇదే. ఒక పనిలో 40 శాతం ఒకదాని వెనక ఒకటిగా జరగాల్సిందే అనుకుంటే, ఆరు కోర్లను పన్నెండు చేసినా మీకు తగ్గేది పదో వంతు సమయం మాత్రమే. కాగితం మీద లెక్క కట్టి చూడండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని పనులు ఈ పప్పు బాపతే.

ఇక దుకాణదారు చెప్పిన "మూడు తరాల" మాట. 2024 ఆగస్టులో 9000 సిరీస్ వచ్చినప్పుడు ఒక్కో టిక్కుకు సగటున 16 శాతం ఎక్కువ పని అని ఏఎండీ ప్రకటించింది. బయటివాళ్లు పరీక్షిస్తే ఆటల్లో 9700ఎక్స్‌కూ దాని ముందరి తరానికీ తేడా కొద్ది శాతాలే కనిపించింది. తర్వాత విండోస్‌లో ఒక సవరణ వచ్చి కొంత మెరుగుపడింది, కానీ దాని లాభం పాత 7000 సిరీస్‌కూ అందింది. మరోవైపు శాస్త్రీయ లెక్కల్లాంటి పనుల్లో అదే ప్రాసెసర్ నిజంగా దూసుకుపోయింది. ఏఎండీ చెప్పిన 16 అబద్ధమేమీ కాదు, అయితే ఏ పనికి ఎంత వస్తుందన్నది ఒక సగటు చెప్పలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ కోర్ అల్ట్రా 200 సిరీస్ తెచ్చింది. కరెంటు బాగా తక్కువ తాగింది, ఆటల్లో మాత్రం చాలాచోట్ల తన సొంత 14వ తరం కన్నా వెనకబడింది. 2023లో వచ్చిన ఆ 14వ తరమేమో 13వ తరానికి వేసిన కొత్త రంగు లాంటిది. ఐ7 మోడల్‌కు నాలుగు చిన్న కోర్లు పెంచారు తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అంటే పెట్టె మీది సంఖ్య పెరగడానికీ, లోపలి చిప్పు మారడానికీ, మీ పని వేగం కావడానికీ పొంతన ఉండాలన్న నియమం లేదు.

సమీక్షల్లోని గ్రాఫులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలని వాళ్లు అన్నిటికన్నా ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, తెర నాణ్యతను 1080కి దించి పరీక్షిస్తారు. పరీక్షగా అది సరైన పద్ధతే. కానీ మీ ఇంట్లో ఉన్నది 3060. ఆటలో అదే ముందు అలసిపోతుంది, కాబట్టి ఆ గ్రాఫులోని తేడాలో చాలా భాగం మీ తెర మీద కనిపించదు.

అలాగని "కొత్తదానికి ఎప్పుడూ దూరంగా ఉండు" అన్న సూత్రం కూడా పట్టుకోకండి. ఆ సూత్రంతో నేనే ఒకసారి దెబ్బతిన్నాను. 2017 మార్చిలో మొదటి రైజెన్లు ఎనిమిది కోర్లతో వచ్చాయి. ఆ వేసవిలో ఒక మిత్రుడు స్టూడియో పెడుతూ అడిగితే, "మొదటి తరం కదా, ఒక ఏడాది చూద్దాం" అని పెద్దమనిషి తరహాలో చెప్పి నాలుగు కోర్ల ప్రాసెసర్ కొనిపించాను. అతని పనేమో కూరగాయల తరుగుడు బాపతు, రోజంతా రెండరింగే. ఏడాది తిరగకుండానే ఆ నాలుగు కోర్లూ చాలలేదు. ఇప్పటికీ టీ తాగేటప్పుడు ఆ సంగతి గుర్తు చేస్తుంటాడు. అప్పటికి దాదాపు పదేళ్లుగా మామూలు ప్రాసెసర్ల మార్కెట్ చాలావరకు నాలుగు కోర్ల దగ్గర నిలబడిపోయి ఉంది, హఠాత్తుగా కదిలింది. అలా కదిలిన తరాలు కొన్నే ఉంటాయి. వాటిని గుర్తుపట్టాలంటే మళ్లీ మన పని మనకు తెలియాలి.

సరే, కెమెరా సెట్టింగ్ మార్చి, ప్రాక్సీలు వాడి చూశాక కూడా చాలలేదనుకోండి. అప్పుడు వరస ఇలా పెట్టుకోండి. మొదట ర్యామ్. 16 జీబీ 4కే ఎడిటింగ్‌కు ఇరుకే. టాస్క్ మేనేజర్‌లో మెమొరీ 90 శాతం దాటి, డిస్క్ గ్రాఫు కూడా దానితోపాటు ఊగుతుంటే 32కు వెళ్లండి. ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, డీడీఆర్4 కూడా చవకగా లేదు. కానీ మీ కొటేషన్‌లో 32 జీబీ డీడీఆర్5ను మొత్తంగా కొత్తగా కొనాలి, ఇక్కడ ఉన్నదానికి కలిపితే చాలు. అంతకన్నా ముందు బయాస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్‌ల మెనూ) వెళ్లి, ర్యామ్ దాని మీద రాసిన వేగంతోనే నడుస్తోందో లేదో చూడండి. 3200 అని రాసి ఉన్న ర్యామ్‌ను 2400 దగ్గర ఏళ్ల తరబడి నడిపిన యంత్రాలు నేను ఎన్ని చూశానో. ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్‌ను ఎవరూ ఆన్ చేయలేదు, అంతే. రైజెన్లలో కోర్ల మధ్య మాటలు మోసే దారి వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఇది ఊరికే వదులుకోవాల్సింది కాదు. ఫుటేజ్ హార్డ్ డిస్క్ మీద ఉంటే దాన్ని ఎస్ఎస్‌డీ మీదికి మార్చుకుని ఎడిట్ చేయండి. ఆరేళ్ల దుమ్ము దులిపి, కొత్త థర్మల్ పేస్టు వేయించండి. మీ ఊరి మే నెల ఎండలో వేడెక్కి వేగం తగ్గించుకున్న ప్రాసెసర్‌ను పాతబడిందనుకుని మార్చినవాళ్లూ ఉన్నారు.

తర్వాత కార్డు. ఆర్‌టీఎక్స్ 5060 తీసుకుంటే 4:2:2 చిక్కు తీరుతుంది, ఎక్స్‌పోర్ట్‌తో సహా. ప్రీమియర్ పాత వెర్షన్‌లో ఉంటే ముందు దాన్ని కొత్తది చేయాలి, లేకపోతే కార్డుకు విద్య వచ్చినా సాఫ్ట్‌వేర్ అడగదు. అయితే 5060కి మెమొరీ 8 జీబీ, మీ 3060కి 12. బరువైన ఎఫెక్టులు వాడేవారికి అది వెనకడుగు అవుతుంది. 16 జీబీ ఉన్న 5060 టీఐ దొరికితే అది మేలు. మీ బీ450 బోర్డు కార్డుకు డేటా దారిగా పాత పీసీఐ 3.0 మాత్రమే ఇస్తుంది, ఈ కార్డులు ఆ దారిలో ఎనిమిది వరసలే వాడతాయి కాబట్టి ఆటల్లో కొంత తగ్గుతుంది, మీ పనిలో పెద్దగా తెలియదు.

ప్రాసెసర్ మూడోది. అదీ బోర్డు మార్చకుండానే. మీ బోర్డులోని ఏఎం4 సాకెట్‌లో రైజెన్ 5000 సిరీస్ నేరుగా కూర్చుంటుంది. మీ 3600లో ఆరు కోర్లు మూడు, మూడుగా రెండు గదుల్లో ఉంటాయి, ఒక్కో గదికి 16 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమొరీ). 5000 సిరీస్‌లో గోడ తీసేసి అందరికీ కలిపి 32 ఎంబీ పెట్టారు, ఒక్కో కోరు కూడా బలపడింది. రైజెన్ 7 5700ఎక్స్ ఎనిమిది కోర్లది, మీ పాతదానిలాగే 65 వాట్లది, కాబట్టి పవర్ సప్లై జోలికి వెళ్లక్కర్లేదు. ధర మీ కొటేషన్‌లో అయిదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. దానితో కూలర్ రాదు. పాత కూలర్ పెట్టవచ్చు గానీ ఎడిటింగ్ భారానికి చిన్నది, ఒక మోస్తరు కూలర్ కొనండి.

మార్చేటప్పుడు మూడు విషయాల్లో చాలామంది ఇబ్బంది పడతారు. పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి, అదీ యూపీఎస్ మీద. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చుబడే ప్రమాదం ఉంది. రెండోది, డిస్క్‌కు బిట్‌లాకర్ (డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే దాని రికవరీ కీని ముందే రాసి పెట్టుకోండి. తాళం సమాచారం ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి మార్చగానే కీ అడుగుతుంది. కీ లేకపోతే పెళ్లి ఫుటేజ్ అంతా లోపలే. మూడోది, కూలర్‌ను ఒక్కసారిగా పైకి లాగకండి. ఎండిపోయిన పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కాసేపు బరువైన పని నడిపి వేడెక్కించి, ఆపేశాక, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

విండోస్ 10 సంగతి: 2025 అక్టోబరు 14న మామూలు మద్దతు ఆగింది, నిజమే. కానీ రైజెన్ 3600 విండోస్ 11 అధికారిక జాబితాలోనే ఉంది. "మీ కంప్యూటర్ సరిపోదు" అని వస్తే చాలావరకు బయాస్‌లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆపేసి ఉందన్నమాట, ఆన్ చేయండి. దీని కోసం ఒక్క రూపాయి ఖర్చు లేదు.

సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9లు చవకగా కనిపిస్తే ఆగండి. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతిని క్రాష్ కావడం 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సవరణ ఇక ముందు నష్టం జరగకుండా ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగు చేయదు. బిల్లు, పెట్టె లేకుండా వాటిని ముట్టుకోకండి. పైగా భారం పడితే ఆ ఐ9 ఒక్కటే 250 వాట్లు దాటుతుంది. కార్డు కూడా కలిస్తే మీ 600 వీఏ యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది.

చెల్లెలి లాప్‌టాప్ విషయంలో తరం సంఖ్యను అసలే నమ్మవద్దు. రైజెన్ 5 7520యూ, రైజెన్ 7 7840యూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ 7000 కుటుంబమే. 7520యూ లోపలి డిజైన్ 2019 నాటి జెన్ 2, అంటే మీ 3600 సంతతి, కోర్లు నాలుగే. 7840యూ జెన్ 4, కోర్లు ఎనిమిది. ఈ వరసలో మూడో అంకె చూస్తే గుట్టు తెలుస్తుంది: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. 7520యూ లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకు అతికించి వస్తుంది, 8 జీబీతో కొంటే నాలుగేళ్ల ఇంజినీరింగ్ ఆ 8 తోనే గడపాలి. ఆ అమ్మాయికి 16 జీబీ ర్యామ్, కనీసం ఆరు కోర్లు, మంచి కీబోర్డు ఉన్నది చూడండి. పోయిన తరంది అయినా ఫరవాలేదు, తగ్గింపు ధరకు వస్తే ఇంకా మంచిది.

ఈ వారంలో టాస్క్ మేనేజర్ పరీక్ష చేసి, డీకోడ్ గ్రాఫు ఎలా ఉందో, ర్యామ్ ఏ వేగంతో నడుస్తోందో, బోర్డు పూర్తి మోడల్ పేరు ఏమిటో రాయండి. బీ450 బోర్డుల్లో బయాస్ వెర్షన్లు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటాయి, మీకు ఏది ఎక్కించాలో చూసి చెబుతాను. అంతవరకు దుకాణంలో అడ్వాన్స్ ఏమీ ఇవ్వకండి.